గులాబీ పళ్ళ ట్యాంకు

ప్రియమైన జిగురుకి,

నీ పార్శిల్ అందింది. ఆ సంగతి ఫోన్‌లో ఒక ముక్క కొడితే పోయేదిగా అంటావు. ఆ బుల్లి గడిలో నా కోపం పట్టదురా. అందుకే కాగితం తీశాను. డాక్టర్లు స్వరపేటిక తీసేశారు గానీ వేళ్ళు వదిలేశారు, అదృష్టం.

యుద్ధట్యాంకు నమూనా కిట్ బాగుంది. ఒక్క పొట్ట భాగమే నా మోచేతి నుంచి వేళ్ళ కొస దాకా ఉంది. ఇక చట్రాలకి అంటుకొని ఉన్న చక్రాలు, కొక్కేలు, మూతలు, బుడిపెలు చూస్తుంటే కళ్ళు తిరిగాయి. మూత తీయగానే ముక్కు దగ్గర పెట్టుకున్నాను, కొత్త ప్లాస్టిక్ వాసన చూద్దామని. ఏమీ రాలేదు. మెడకి పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకునేవాళ్ళకి వాసనలు సరిగా తెలియవని నాకు ఎవరూ ముందు చెప్పలేదు. సరే, అది పోనీ.

పోనివ్వలేనిది నువ్వు లోపల పెట్టిన చీటీ. "అక్కా, కాలక్షేపానికి పంపుతున్నాను. రోజూ కాస్త కాస్త అతికించుకో. అయ్యాక అద్దాల బీరువాలో పెట్టుకో." కాలక్షేపం చేయడానికి నేనేమన్నా రైలు కోసం బెంచీ మీద కూర్చున్నానా?

సగం జీవితం ఆ షెడ్డు కప్పు కింద, క్రేను క్యాబిన్‌లో గడిపాను. ఎంతెంత ఇనుప దూలాలనో పసిబిడ్డని పక్క మీద పడుకోబెట్టినట్టు దించాను. కింద నుంచి ఈల బాబాయి ఒక ఈల వేసి చెయ్యి ఊపితే చాలు, ఎటు కావాలో తెలిసిపోయేది. ఇవాళ అదే షెడ్డు వెనక స్టోరు గదిలో కూర్చొని, వచ్చినవాళ్ళకి చేతి తొడుగులు ఇచ్చి పంపుతున్నాను. ఎందుకని? "నోట మాట రాని మనిషిని క్రేను ఎక్కించేది లేదు" అని సూపరింటెండెంటు నీతో అన్నాడు కాబట్టి. నేను ఒంటినిండా గొట్టాలతో ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు నువ్వొచ్చి మెల్లిగా చెప్పిన ఆ మాట ఇంకా నా చెవుల్లో గింగురుమంటోంది. నా మొహం మీద అనే ధైర్యం ఆయనకి లేకపోయింది. నేనూ వెళ్ళి ఎందుకని అడగలేదు. అడగను కూడా. అంత మాటన్న మనిషి గుమ్మం తొక్కేది లేదు.

కానీ మళ్ళీ క్రేను నడుపుతాను. ఎలాగో నాకే తెలియదు. నడుపుతాను, అంతే.

అందాకా ఇది విను. నీ ట్యాంకుని బీరువాలో పెట్టను. దాని కడుపులో మోటార్లు పెట్టి రిమోట్‌తో నడిపిస్తాను. గదిలో ఒక మూల కదలకుండా కూర్చోబెట్టిన వస్తువుగా ఈ ఇంట్లో నేనొక్కదాన్ని చాలు.

మరదలిని అడిగానని చెప్పు.

నీ మొండి
అక్క

＊

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి మీ మరదలు పడీపడీ నవ్వింది. "మీ అక్క అలాగే చేస్తుంది చూడండి" అని పందెం కూడా కాసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అక్కా, అది పిల్లలు నేల మీద ఈడ్చుకునే బొమ్మ కాదు, నమూనా. అసలు బండి మీద ఎక్కడ అతుకు ఉందో ఇక్కడా అక్కడే ఉంటుంది. పగలంతా నేను జనాల కట్టుడు పళ్ళు అరగదీసి, సాయంత్రం మళ్ళీ అరగదీసే పనే పెట్టుకుంటానంటే ఎందుకనుకున్నావు? కట్టుడు పళ్ళు ఎంత బాగా చేసినా ఎవడో ఒకడు వచ్చి నొప్పెడుతున్నాయంటాడు. నమూనాకి నోరుండదు. బీరువాలో పెడితే పెట్టిన చోటే ఉంటుంది. మోటార్లు పెట్టాలంటే నువ్వు ఆ పొట్టని కోయాలి. చక్రాలు తిరగాలంటే ఇరుసులు వదులు చేయాలి. గొలుసుపట్టీలు ఊడదీసి మేకులు గుచ్చాలి. ఆఖరికి అది ట్యాంకులానే ఉండదు. మా నమూనాల సంఘానికి ఎవరైనా కదిలే బండి పట్టుకొస్తే, పిల్లల షాపు పక్క వీధిలో ఉందని దారి చూపిస్తారు.

ఇంకో మాట. ప్లాస్టిక్‌ని కోసినా గీకినా పొడి లేస్తుంది. అది నీ మెడ రంధ్రంలోకి పోతే ఏమవుతుందో ఆలోచించావా? టంకం పొగ సంగతి సరేసరి. నీకేమైనా అయితే నేను తట్టుకోలేను. నిన్ను ఒకసారి ఆస్పత్రికి తీసుకెళ్ళడంతోనే నాలో సగం ప్రాణం పోయింది.

స్టోరు పని మరీ అంత చెడ్డదేం కాదు. నీడపట్టున కూర్చొని చేసుకునే పని. సూపరింటెండెంటు మంచి మనిషి. ఆయన మీద కక్ష పెట్టుకోకు. ఆయన తప్పేం లేదు.

చిన్నప్పుడు ఒక్కసారి నా వేళ్ళు అంటుకుపోయినంత మాత్రాన నన్ను ఇప్పటికీ జిగురు అనే పిలుస్తావేమిటి? తల నెరిసింది నాకు.

నీ తమ్ముడు

＊

ప్రియమైన తల నెరిసిన జిగురుకి,

కోసేశాను.

మెడకి తడిబట్ట చుట్టుకొని, కిటికీ తెరిచి, పంకా నా వీపు వైపు తిప్పుకొని మరీ కోశాను. కాబట్టి ఆ పొడి గురించి పాఠం చెప్పకు. పొట్ట అడుగున అల్యూమినియం రేకు బిగించాను, మోటార్లు తిరిగేటప్పుడు ప్లాస్టిక్ వంగకుండా. ఒక్కో పట్టీకి ఒక్కో మోటారు. చక్రాల ఇరుసులకి ఇత్తడి గొట్టం ముక్కలు తొడిగాను. పై కప్పుని నువ్వైతే అతికించేవాడివి, నేను స్క్రూలతో బిగించాను. రేపు ఏదైనా పాడైతే విప్పి చూడొద్దా? జిగురుతో మూసేసిన దానికి వైద్యం ఎవడు చేస్తాడు?

పట్టీలు మాత్రం నా ప్రాణం తోడేశాయి. ఒక్కో ముక్కకీ అటూ ఇటూ చిల్లు పెట్టి, తీగ గుచ్చి, కొస వంచి... నీ పళ్ళ పని ఇలాగే ఉంటుందా? ఇన్నాళ్ళూ నిన్ను ఆటపట్టించినందుకు మొదటిసారి కొంచెం, కొంచెమే, బాధపడ్డాను.

అన్నీ కలిపి, బ్యాటరీ పెట్టి, స్టోరు గదిలో అరల మధ్య సందులో నేల మీద ఉంచి, రిమోట్ పుల్ల ముందుకి తోశాను. నా బంగారు ట్యాంకు ఉన్నచోటే గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ముందుకి ఒక్క అంగుళం వెళ్తే ఒట్టు. తొడుగుల కోసం వచ్చిన ఈల బాబాయి గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, శత్రువులు అన్ని వైపుల నుంచీ వస్తున్నారా?" అన్నాడు. నేను పకపకా నవ్వాను. నా నవ్వుకి ఇప్పుడు శబ్దం లేదు, భుజాలు మాత్రం ఎగురుతాయి. అయినా ఆయన వినబడినట్టే తనూ నవ్వాడు.

తర్వాత ఆలోచిస్తే తట్టింది. రెండు మోటార్లనీ వీపు వీపు ఆనించి బిగించాను. రెంటికీ ఒకేలా తీగలు కలిపితే ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి పోతాయి మరి. ఒకదాని తీగలు మార్చి కలిపాను. ఈసారి బండి బాణంలా వెళ్ళి అరని గుద్దుకుంది.

సూపరింటెండెంటు సంగతి రాశావు, మంచి మనిషి అని. ఆ మంచి మనిషి నిన్న నా కోసం స్టోరుకి మెత్త కుర్చీ పంపించాడు. నన్ను చూస్తే తల దించుకొని పోతాడు, ఇంట్లో చావైనవాళ్ళని చూసినట్టు. నాకు ఆయన జాలి వద్దు, ఆయన కుర్చీ వద్దు. కుర్చీ మీద ట్యాంకుని కూర్చోబెట్టాను.

ఒక్కటే చిక్కు. పట్టీని లాగే పళ్ళచక్రాలు కిట్‌తో వచ్చిన ప్లాస్టిక్‌వి. నాలుగు తిప్పులకే పళ్ళు అరిగి బోసినోరయ్యాయి. ఏం చేయాలో చూస్తాను. నిన్ను సాయం అడగడం లేదు, ఊరికే చెబుతున్నాను.

నీ అక్క

＊

ప్రియమైన అక్కకి,

ఇక్కడ నేను ఒంటికాలి మీద లేచి, మీ మరదలు చల్లబరచాక కూర్చొని రాస్తున్నాను.

దీంతో పంపిన పొట్లంలో పళ్ళచక్రాలు రెండున్నాయి. పళ్ళ విషయంలో ఎవరూ నాకు పాఠం చెప్పక్కర్లేదు. నా దగ్గర అదే కిట్ ఇంకొకటి ఉంది కాబట్టి దాని చక్రానికి అచ్చు తీసి, కట్టుడు పళ్ళ చిగుళ్ళకి వాడే పదార్థంతో పోతపోశాను. మనిషి జన్మంతా నమిలినా తట్టుకుంటుంది అది. రంగు మాత్రం గులాబీ. మా పని గదిలో చిగుళ్ళ రంగు తప్ప ఇంకోటి ఉండదు. పైన ముదురు ఆకుపచ్చ రంగు వేసుకో. మా సంఘంలో ఎవరికీ చెప్పకు. తల ఎత్తుకు తిరగలేను.

పట్టీ మరీ బిగుతుగా పెట్టకు, మోటార్లు వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. మరీ వదులైతే మలుపులో జారిపోతుంది. నడిమి చక్రాల మీద కొద్దిగా వేలాడినట్టు ఉండాలి. ఇదంతా నాకెలా తెలుసు అంటావా? నా రెండో కిట్‌లో కూడా... సరే, వదిలెయ్. పని గదిలో కాసేపు చూశానంతే.

ఆ కుర్చీలో కూర్చో అక్కా. నడుం నొప్పి నీకు, ట్యాంకుకి కాదు.

నీ తమ్ముడు

＊

ప్రియమైన జిగురుకి,

నీ పళ్ళు అద్భుతం. రంగు వెయ్యను. ఒళ్ళంతా ఆకుపచ్చ, పళ్ళు మాత్రం గులాబీ, నవ్వుకుంటూ వస్తున్నట్టుంటుంది. షెడ్డులో అందరూ దానికి ఒక పేరు పెట్టారు గానీ నీకు రాయను, సిగ్గుపడతావు.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చొని చదువు.

షెడ్డుకి కొత్త క్రేను వస్తోంది. దానికి క్యాబినే లేదట! నడిపేవాళ్ళు కింద నేల మీదే నిలబడి, నడుముకి కట్టుకున్న రిమోట్ పెట్టె మీద పుల్లలు కదపాలి. పాత ఆపరేటర్లందరికీ పరీక్ష పెడతారు. నెగ్గినవాళ్ళకే క్రేను. గోడ మీద కాగితం అంటించారు. నేను చదివి అక్కడే నిలబడిపోయాను. పైన క్యాబిన్‌లో ఉంటే వాకీటాకీలో జవాబు చెప్పాలి, నిజమే. కింద బరువు పక్కనే నిలబడినప్పుడు ఎవరికి జవాబు చెప్పాలి? నోటితో పనేముంది? ఇక ఏమంటాడో చూద్దాం ఆ మంచి మనిషి!

అయితే కళ్ళు మూసుకొని నెగ్గేస్తానని అనుకోకు. ఇక్కడే నీ ట్యాంకు నా పొగరు దించింది. బండి నాకు వీపు చూపించి వెళ్తున్నంతసేపూ హాయి. వెనక్కి తిప్పి నా వైపు రప్పించుకుంటుంటే మాత్రం కుడికి తిప్పాలనుకొని కుడికి తోస్తే, అది ఎడమకి పోతుంది. దాని కుడి నాకు ఎడమ కదా! నేను సగం జీవితం యంత్రం లోపల కూర్చున్నదాన్ని. అది ఎటు తిరిగితే నేనూ అటు తిరిగేదాన్ని. నా చేతులు ఇంకా లోపలే ఉన్నామనుకుంటున్నాయి. ఎదురుగా వస్తున్న ప్రతిసారీ తప్పే తోస్తున్నాను. తొడుగుల డబ్బాలు అర మీంచి నా నెత్తిన పడ్డాయి. చిన్నప్పటి నుంచీ ఇలాంటి బొమ్మలతో ఆడినవాడు ఈ తప్పు చెయ్యడు. మాలాంటి క్యాబిన్ మనుషులే చేస్తారు. మిగతా ఆపరేటర్లూ చేస్తారు, కానీ వాళ్ళకింకా తెలియదు.

అందుకే రోజూ మధ్యాహ్నం విరామంలో సాధన. ఫిరంగి గొట్టం చివర దారంతో ఒక నట్టు వేలాడదీశాను. బండి ఆగగానే నట్టు ఊగకూడదు. క్రేనుతో ఉన్న కిటుకంతా అదే కదా, బరువు ఎటు ఊగుతుంటే అటు ఒక్క పిసరు కదిలి ఊపుని మింగేయడం. ఈల బాబాయి సందు చివర నిలబడి చెయ్యి ఊపుతాడు. నేను ఆయన చుట్టూ, నా చుట్టూ, ముందుకీ ఎదురుకీ తిప్పుతుంటాను. ఫిరంగికి నట్టు కట్టావా అని నీ గుండె ఆగిపోతుందని తెలుసు. ఆగనీ.

ఒక్క విషయం మాత్రం నా కడుపు మండించింది. సూపరింటెండెంటు ఈల బాబాయిని పక్కకి పిలిచి అడిగాడట, "ఆవిడకి భయం తగ్గిందా?" అని. భయమా? నాకా? షెడ్డు కప్పు మీద గాలివాన మోగుతుంటే పైన కూర్చొని పని చేసినదాన్ని. ఎవడు చెప్పాడు ఈయనకి నాకు భయమని?

నీ అక్క

＊

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నట్టు సంగతి క్షమిస్తున్నాను.

పరీక్ష సంగతి మాత్రం వద్దు అక్కా. నా మాట విను. కింద నిలబడటమంటే పైన ఉన్నంత సుఖం కాదు. దుమ్మంతా కిందే. బరువు నీ పక్కనే వేలాడుతుంటుంది. ఏదైనా జరిగితే అరవడానికి కూడా లేదు నీకు. ఇది నిన్ను తక్కువ చెయ్యడం కాదు. ఉన్నమాట.

భయం అన్నది ఆయన ఏదో మాటవరసకి అని ఉంటాడు. పట్టించుకోకు. వెళ్ళి నిలదీయకు. అంతగా కావాలంటే నేనే వచ్చి ఆయనతో మాట్లాడతాను. నువ్వు పలక మీద రాసి చూపించి ఇబ్బంది పడటం ఎందుకు? ఇలాంటివి నాకు వదిలెయ్. చిన్నప్పుడు నా తరఫున నువ్వు ఎంతమందితో పోట్లాడావో నాకు గుర్తుంది. ఇప్పుడు నా వంతు.

ఇక్కడికి వచ్చెయ్యి. మీ మరదలు పక్క గది ఖాళీ చేస్తానంటోంది. ట్యాంకు కూడా తెచ్చుకో. రెండో కిట్‌కి కూడా మోటార్లు పెడదాం, కావాలంటే. ఇంతకంటే నేనేం దిగి రాగలను?

నీ తమ్ముడు

＊

ప్రియమైన తమ్ముడికి,

పేరు ఇచ్చేశాను.

నువ్వు ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నాకు సిఫారసు వద్దు. నెగ్గితే నా చేతులు నెగ్గాయి, ఓడితే నా చేతులు ఓడాయి. నీ పక్క గది మంచిదే, మరదలి మనసు ఇంకా మంచిది. రాను.

అరవలేనన్నావు. అరిచేవాళ్ళు ఎంతమంది ఆ షెడ్డులో దెబ్బలు తినలేదు? నేను కళ్ళతో పని చేస్తాను.

నీ అక్క

＊

అక్కా,

పరీక్షకి వెళ్ళకు. వెళ్ళేలోపు నేను ఒకసారి రావాలి. నీతో ఒక విషయం మాట్లాడాలి. ఉత్తరంలో రాసేది కాదు. పళ్ళ పని ఎక్కువగా ఉంది, అది కాగానే బయలుదేరతాను. అందాకా ఆగు. సూపరింటెండెంటుతో ఏమీ మాట్లాడకు. దండం పెడతాను.

తమ్ముడు

＊

తమ్ముడికి,

నీ ఆఖరి ఉత్తరం పరీక్ష అయ్యాక చేరింది. ముందు చేరినా ఆగేదాన్ని కాదు.

షెడ్డు మధ్యలో సుద్దతో సందులు గీశారు. నీళ్ళు నిండిన మూతలేని డ్రమ్ముని కొక్కేనికి తగిలించి, ఆ సందుల్లోంచి తిప్పి, అవతల గీసిన గుండ్రంలో దించి, మనం ఎదురువైపుకి వెళ్ళి నిలబడి, మళ్ళీ మన దగ్గరికి తెచ్చుకోవాలి. అలా నిలబడితే పెట్టె మీది కుడి మనకి ఎడమవుతుంది, ట్యాంకుతో అయినట్టే. మొదట వెళ్ళింది నా పక్క షిఫ్టు మీసాలాయన. నాకంటే పాత మనిషి, పైన కూర్చుంటే ఆయన ముందు నేను ఎందుకూ పనికిరాను. పోవడం చక్కగా పోయాడు. ఎదురు నిలబడి తన దగ్గరికి తెచ్చుకునేటప్పుడు, అనుకున్నట్టే, కుడి అనుకొని ఎడమకి తోశాడు. డ్రమ్ము గిర్రున ఊగి ఆయన చొక్కా, సూపరింటెండెంటు బూట్లు తడిపేసింది. ఎవరూ నవ్వలేదు. ఆ తప్పు మా అందరిదీ.

నా వంతు వచ్చింది. మెడకి గుడ్డ బిగించుకొని పెట్టె నడుముకి కట్టుకున్నాను. బరువు నా వైపు తిరిగిన క్షణంలో నా కుడిచెయ్యి పాత అలవాటు కొద్దీ కదలబోయింది. తెలిసింది నాకు. ఆపాను. ఎదురుగా వస్తున్నది డ్రమ్ము కాదు, గులాబీ పళ్ళ ట్యాంకు అనుకున్నాను. ఎడమకి ఒక్క పిసరు తోశాను. అది నా కుడికి వచ్చింది. ఊపు ఎటు పోతుంటే అటు కదిలి మింగేశాను. నా కాళ్ళ ముందు గీతలో దించాక డ్రమ్ములోకి చూశాను. నీళ్ళు అంచు దాకా అలాగే ఉన్నాయి. ఈల బాబాయి ఈల నోట్లో పెట్టుకొని వెయ్యడం మరిచిపోయాడు.

నెగ్గాను రా. క్రేను నాది.

ఇప్పుడు రెండో సంగతి. సూపరింటెండెంటు తడి బూట్లతో నా దగ్గరికొచ్చాడు. కళ్ళలో నీళ్ళు పెట్టుకొని, "ఇంత బాగా నడిపే మనిషి క్రేను వద్దని ఎందుకన్నారమ్మా?" అన్నాడు.

పలక తీసి రాశాను. ఎవరన్నారు?

"మీ తమ్ముడుగారేగా వచ్చి చెప్పింది. అక్క బాగా భయపడిపోయింది, ఇక క్రేను వద్దంటోంది, కింద ఏదైనా తేలిక పని చూడండి అని. నేనైతే డాక్టరుగారితో మాట్లాడి అన్నీ సిద్ధం చేశానమ్మా. మీరు మాట్లాడలేరు కదా, క్యాబిన్‌లో గంట పెట్టిద్దామనుకున్నాను. ఒకసారి కొడితే సరేనని, రెండుసార్లు కొడితే ఆగమని. గంట కూడా తెప్పించాను. మీరు వద్దన్నారని తెలిసి, మిమ్మల్ని బలవంతపెట్టడం బాగుండదని ఊరుకున్నాను."

ఆ గంట స్టోరులో పై అరలో, మూత తీయని డబ్బాలో ఉందిరా. ఇన్నాళ్ళూ నేను దాని కిందే కూర్చొని తొడుగులు పంచాను.

నువ్వు ఆయన దగ్గరికి వెళ్ళి అక్క వద్దంటోందని చెప్పావు. నా మంచం దగ్గరికి వచ్చి ఆయన వద్దంటున్నాడని చెప్పావు. ఇద్దరి మధ్యా నువ్వే నిలబడ్డావు. నేను మాట్లాడలేను కాబట్టి ఎవరికీ తెలియదనుకున్నావు. నా పొగరు నీకు బాగా పనికొచ్చింది, వెళ్ళి అడగనని నీకు తెలుసు. ఏ పాపమూ ఎరగని మనిషిని నేను ఇన్నాళ్ళూ పళ్ళు నూరుతూ తిట్టుకున్నాను. ఆయన పంపిన కుర్చీలో కూర్చోలేదు. నేను మొండికేసింది నువ్వు కట్టిన గోడ మీద.

ఎందుకు చేశావో నాకు తెలుసు. ఆస్పత్రిలో నా కాళ్ళ దగ్గర కూర్చొని నువ్వు ఏడుస్తుంటే కళ్ళు మూసుకొని పడుకున్నాను, నువ్వు సిగ్గుపడతావని. నన్ను పోగొట్టుకుంటావేమోనని నీకు భయం. నేను ఎక్కడైనా నీడపట్టున, కదలకుండా ఉంటే నీకు నిద్ర పడుతుంది. కానీ ఆ భయం నీది. నీ భయాన్ని నా పేరు మీద ఊరంతా ఎలా చాటుతావురా? డాక్టరు తీసింది నా గొంతు, నేను బతకాలని. నా మాట తీసేసింది నువ్వు.

ఇదంతా రాసి, నువ్వు చేసి పంపిన పళ్ళ సంగతి రాయకపోతే నాకే అన్యాయంగా ఉంటుంది. ఆ పళ్ళు లేకపోతే బండి నడిచేది కాదు. బండి నడవకపోతే నేనూ ఆ డ్రమ్ముని ఎవరి నెత్తినో పోసేదాన్ని. నాకు అడ్డం నిలబడ్డదీ నువ్వే, దారి తీసి పంపినదీ నువ్వే. ఏది ఎక్కువో తూచడం నా వల్ల కాలేదు. అందుకే తూచడం మానేశాను. కోపం మాత్రం మానలేదు.

నువ్వు వస్తానన్నావుగా, రా. కానీ ముందు మా ఇంటికి కాదు. షెడ్డుకి వెళ్ళు. సూపరింటెండెంటు ముందు నిలబడి, అప్పుడు చెప్పింది అక్క మాట కాదు, నా మాట అని నీ నోటితో చెప్పు. నేను పక్కన ఉండను, నీ తరఫున ఆయన్ని బతిమాలను. అది అయ్యాక ఇంటికి రా. తిట్లన్నీ ముందే రాసి ఉంచుతాను, నువ్వు కూర్చొని ఒక్కొక్కటే పైకి చదవాలి. ఆ తర్వాత భోజనం పెడతాను.

ఇకపైన ఎవరైనా నా గురించి నిన్ను అడుగుతారు. అక్కకి ఈ పని కుదురుతుందా, అక్క భయపడుతుందా, అక్కకి ఏం కావాలి అని. అప్పుడు నువ్వు ఒక్క మాట అనాలి. "అక్కనే అడగండి." నా తరఫున మాట్లాడటానికి నీకు ఆ ఒక్క మాటే ఇస్తున్నాను.

నీ అక్క,
క్రేను ఆపరేటరు